మేస్త్రమ్మ గొంతు

పొద్దున్నే కింద షెడ్డులో రంపం మిషను తిరగడం మొదలైతే పైన వంటింట్లో గిన్నెలు సన్నగా అదురుతాయి. మేస్త్రమ్మకి అదే గడియారం. పొయ్యి మీద పాలు పొంగేలోపు పక్కగదిలోకి తొంగి చూసింది. మనవరాలు పరుపు మధ్యలో చేతులు రెండూ తలకి అటొకటి ఇటొకటి పడేసి, నోరు కాస్త తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. కింద దుంగ కోస్తున్నారు. వీధి చివరివాళ్ళు కూడా కిటికీలు మూసుకునేంత మోత. పిల్ల రెప్పయినా కదపలేదు.

"చూడవే అమ్మాయ్, మా దొరసానిని," అంది కోడలితో మురిసిపోతూ. "మేస్త్రి ఇంట పుట్టిందని ఇంకెవరికైనా చెప్పాలా?"

కోడలు జుట్టు ముడేసుకుంటోంది. కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేసే ఉద్యోగం తనది. వేళకి వెళ్ళకపోతే వచ్చినవాళ్ళు బెంచీ మీద కూర్చుని గడియారం వంక చూస్తుంటారు. అయినా చేతిలో దువ్వెన ఆపి పిల్ల వైపు చూసింది.

"నాకైతే అది మురిసిపోయే సంగతిలా లేదత్తయ్యా. ఇంత మోతకి ఏ పిల్లయినా ఉలిక్కిపడి ఏడవాలి."

"కడుపులో ఉన్నప్పట్నుంచీ వింటోందే ఈ రంపాన్ని. అలవాటైపోయింది."

"సరే, అది అలవాటే అనుకుందాం. మూడో నెలలో ఉంగా ఉంగా అని ఎన్ని కబుర్లు చెప్పేది? ఆరో నెల వచ్చింది, పెరగాల్సింది పోయి తగ్గింది. ఈపాటికి తాతా, బాబా అంటూ ఏదో ఒకటి మొదలుపెట్టాలి."

"మీ ఆయన రెండేళ్ళు నిండేదాకా నోరు విప్పలేదు. ఇప్పుడు మాత్రం ఏం విప్పుతున్నాడు గనక?"

కోడలికి నవ్వొచ్చింది. అంతలో పిల్ల లేచి కాళ్ళు కొట్టుకోవడం మొదలెట్టింది. మేస్త్రమ్మ దాన్ని ఎత్తి, గుడ్డలు మార్చి, చాప మీద బోర్లా పడుకోబెట్టి దాని వెనక్కి వచ్చి నిలబడింది. "అనుమానం తీర్చుకో మరి," అని, "దొరసానీ," అని పిలిచింది. పిల్ల గిరుక్కున తల తిప్పి బోసినోరు తెరిచి నవ్వింది. "కళ్ళద్దాల కొట్టువాళ్ళకి చెవుల సంగతెందుకులే, నువ్వు పనికి పో," అంది మేస్త్రమ్మ.

పిలిచినప్పుడు తన కుడి మడమ లేచి నేలని ఒక్కటి దంచిందని ఆవిడకి తెలియదు. కోడలూ గమనించలేదు. ఆ ఇల్లే అలాంటిది. కింద తలుపులూ కిటికీలూ చేసే కార్ఖానా, పైన కాపరం. నేలంతా చెక్క పలకలే, పోయిన మేస్త్రి స్వయంగా బిగించినవి. రంపం తిరుగుతుంటే గొంతు చించుకున్నా లాభం లేదు గనక, ఎవర్నయినా పిలవాలంటే ముందు కాలితో పలకని తన్నుతారు. అది అదిరి అవతలివాళ్ళు తలెత్తాక అప్పుడు మాట. మేస్త్రమ్మ కాపరానికొచ్చిన కొత్తలో నేర్చుకుంది. కొడుక్కి పుట్టుకతో వచ్చింది. కోడలికి ఏడాదిలో అబ్బింది. మిషను ఆగి ఉన్నప్పుడు కూడా ముగ్గురి కాళ్ళూ వాటంతటవే లేస్తాయి. ఒళ్ళు దురదపెడితే చెయ్యి వెళ్ళినట్టే, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

కోడలు వెళ్ళాక ఇల్లు ఆవిడదీ, మనవరాలిదీ. గోరువెచ్చటి నీళ్ళు పోయడం, ఒళ్ళు తుడవడం, అరటిపండు మెత్తగా నలిపి చెంచాతో పెట్టడం, సగం దాని బుగ్గలకీ సగం తన జాకెట్టుకీ అంటడం, అన్నింటి మధ్యా మాటలు. మేస్త్రమ్మది మామూలు గొంతు కాదు. నలభయ్యేళ్ళు రంపంతో పోటీపడిన గొంతు. ఆ గొంతుతో పిల్లకి చెప్పని కబురు లేదు. చెక్క ఎలా ఆరబెట్టాలో చెప్పేది, కూలివాళ్ళని ఎలా అదిలించాలో చెప్పేది, మేస్త్రి ఆఖరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద తన చెయ్యి పట్టుకుని ఏమన్నాడో, కొడుక్కి కూడా చెప్పుకోనిది, అదీ చెప్పేది. ఆయన పోయాక ఆవిడ మాట వినే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. పిల్ల మాత్రం కళ్ళార్పకుండా ఆవిడ మొహంలోకే చూస్తూ ఉండేది. ఇంత శ్రద్ధగా తన మాట విన్న మనిషిని మేస్త్రమ్మ ఇంతవరకూ చూడలేదు.

ఏడో నెలలో పిల్ల పాకడం మొదలుపెట్టింది. ఒక సెలవురోజున షెడ్డు మూసి ఉంది, కొడుకూ కోడలూ సరుకులకని బజారుకి వెళ్ళారు. అంతకుముందు రోజే మేస్త్రమ్మ మెట్ల మీద కాలు మడత పడి చీలమండ వాచింది. కట్టు కట్టిన కాలు ఎదురుగా ఉన్న పీట మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. చాప మీద పిల్ల చెక్కగరిటె నోట్లో పెట్టుకుని చొంగ కారుస్తోంది. చూస్తుండగానే గరిటె వదిలేసి గుమ్మం వైపు బయల్దేరింది. గుమ్మం అవతల మెట్లు. వెళ్ళేవాళ్ళు మెట్ల దగ్గరి గేటు మూయడం మర్చిపోయారు.

"ఏయ్, ఆగు," అంది మేస్త్రమ్మ. పిల్ల ఆగలేదు. "ఆగవే, పడతావే, ఇటు చూడు," అని అరిచింది. ఎదురింటి కిటికీలోంచి ఎవరో తల బయట పెట్టి చూశారు. పిల్ల ముందుకే పోతోంది. మేస్త్రమ్మ లేవబోయి, వాచిన కాలు సహకరించక, ముందుకి బోర్లా పడింది. రెండు అరచేతులూ ధబాలున పలకకి కొట్టుకున్నాయి. అప్పుడు ఆగింది పిల్ల. వెనక్కి తిరిగి, నాయనమ్మ నేల మీద కొత్త ఆటేదో ఆడుతోందనుకుని నవ్వింది.

డేక్కుంటూ వెళ్ళి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. కాసేపటికి, ఎందుకు చేసిందో తనకే తెలియకుండా, పిల్లని పరుపు మీద కూర్చోబెట్టి వెనక నుంచి చప్పట్లు కొట్టింది. పళ్ళెం తీసుకుని చెవి పక్కనే గరిటెతో మోగించింది. పిల్ల తన కాలి బొటనవేలు పట్టుకునే పనిలో ఉంది. దాన్ని దింపి చెక్క నేల మీద కూర్చోబెట్టి, నోరు మూసుకుని, అరచేత్తో పలకని ఒక్కటి కొట్టింది. పిల్ల తిరిగి చూసింది. మేస్త్రమ్మ తన మడమ వంక చూసుకుంది.

కొడుకూ కోడలూ సంచులతో మెట్లెక్కి వస్తున్న అలికిడి విని ఆవిడ చెప్పేయాలనే అనుకుంది. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో పాత గొడవ గుర్తొచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు కోడలు బతిమాలింది, ఈ మోతకి కడుపులో పిల్ల అదిరిపడుతోంది అత్తయ్యా, పురుడయ్యేదాకా మా దుకాణం దగ్గర చిన్న ఇల్లు చూసుకుంటాం అని. మేస్త్రమ్మ ఒప్పుకోలేదు. నా కొడుకు ఈ రంపం పక్కన పెరగలేదా అంది. అయినా వినకపోతే అన్నం మానేసి గోడ వైపు తిరిగి పడుకుంది. చివరికి నెగ్గింది. ఇప్పుడు ఆ రంపమే పిల్ల చెవులు తినేసిందని ఆవిడకి ఏ సందేహమూ లేకపోయింది. తెలిస్తే కోడలు ఒక్క పూట ఉండదు. పిల్లని చంకనేసుకుని వెళ్ళిపోతుంది, కొడుకు వెనకాలే పోతాడు. ఈ ఇంట్లో తనూ, గిన్నెల అదురూ మిగులుతాయి.

"కాలు ఎలా ఉందమ్మా?" అన్నాడు కొడుకు.

"కాలికేం, బానే ఉంది," అంది మేస్త్రమ్మ.

ఆ తర్వాతది ఆవిడ చేసిన అసలు పని. కోడలికి అనుమానం తీరక చెవుల డాక్టరు దగ్గర వేళ అడిగి పెట్టుకుంది. వెళ్ళే ముందు ఇంట్లోనే ఒకసారి చూద్దామని, పిల్ల వెనక నిలబడి రెండు గిన్నె మూతలు పట్టుకుంది. కొడుకు గుమ్మంలో ఉన్నాడు. మేస్త్రమ్మ బీరువా పక్కన నిలబడింది. కోడలు మూతలు కొట్టిన క్షణానే బీరువా పక్కన మడమ లేచి పడింది. ఈసారి తెలియక లేచింది కాదు. పిల్ల తిరిగి చూసింది.

"విందండీ," అంది కోడలు. "చూశారా, విందండీ." మూతలు కింద పడేసి, పిల్లని ఎత్తుకుని, మొగుడి భుజం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నాళ్ళు లోపల ఎంత దాచుకుందో ఆ ఏడుపులో తెలిసింది. "నేను చెప్పానా, అమ్మ అంత నమ్మకంగా చెబుతుంటే ఊరికే మనసు పాడుచేసుకుంటావు," అన్నాడు వాడు. మర్నాడు కోడలు డాక్టరుకి రావడం లేదని కబురు చేసింది. మేస్త్రమ్మకి ఆ పూట ముద్ద దిగలేదు. దిగకపోతేనేం, నోరు మాత్రం తెరవలేదు.

పిల్ల పెరుగుతూనే ఉంది. పైన రెండు పళ్ళు, కింద రెండు పళ్ళు. మంచం కోడు పట్టుకుని నిలబడటం, చెంచా లాక్కుని తనే తింటానని పేచీ. మాట మాత్రం లేదు. మేస్త్రమ్మ కబుర్లు చెప్పడం మానలేదు. మానేస్తే నిజం ఒప్పుకున్నట్టవుతుందని భయం. చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేసేది. పిల్ల ఆవిడ పెదవుల వంక చూస్తూ తర్వాతేంటన్నట్టు ఎదురుచూసేది.

పదో నెలలో మేస్త్రమ్మకి జ్వరం తగిలింది. పిల్లకి అంటుకుంటుందని కోడలు దాన్ని తనతోపాటు దుకాణానికి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం భోజనాల వేళ కూడా కాకుండానే తిరిగొచ్చింది. వస్తూ వస్తూ కింద షెడ్డులో మిషను ఆపించింది. పట్టపగలు ఇల్లంతా నిశ్శబ్దమైపోయేసరికి మేస్త్రమ్మ దుప్పటి తీసి లేచి కూర్చుంది. కోడలి వెనకాలే కొడుకు, జుట్టు నిండా చెక్కపొట్టుతో.

"ఏమైందే?"

"దుకాణంలో గోడ అద్దం ఊడిపడి భళ్ళున పగిలిందత్తయ్యా," అంది కోడలు. మామూలుగానే అంది. "చూపు పరీక్షకి వచ్చిన పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. ఇది ఆ కుర్చీ వెనకే కూర్చుని అద్దాల డబ్బా మూసీ తెరిచీ ఆడుకుంటోంది. తల కూడా ఎత్తలేదు. అక్కడ రాతి నేల, మనింట్లోలా అదరదు."

కోడలు పిల్లని కిటికీ వైపు మొహం పెట్టి నేల మీద కూర్చోబెట్టింది.

"దీన్ని ఒకసారి పిలవండి."

"ఇప్పుడా? ఒళ్ళు కాలిపోతోంది నాకు."

"ఒక్కసారి. మంచం దిగొద్దు. కాళ్ళు పైకి పెట్టుకుని పిలవండి."

మేస్త్రమ్మ పాదాలు రెండూ మెల్లగా మంచం మీదికి లాక్కుంది. "దొరసానీ," అంది. గొంతు బొంగురుపోయింది. మళ్ళీ పిలిచింది, ఈసారి తన అసలు గొంతుతో. కింద షెడ్డులో కూలివాళ్ళు కూడా విన్నారు. పిల్ల కిటికీలోంచి పడిన ఎండలో తేలుతున్న పొట్టుని పట్టుకోబోతోంది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?" అంది కోడలు.

"నాకేం తెలుసే?"

"పిలిచినవాళ్ళు పిల్ల తిరుగుతుందా లేదా అని పిల్లని చూస్తారు. మీరు నన్ను చూశారు. పొద్దస్తమానం జనాల కళ్ళు చూసే పనే నాది. ఎప్పట్నుంచి?"

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు కొడుకు. "అమ్మకి తెలిస్తే చెప్పదా?" అని తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, చెప్పు దానికి."

ఊరందరి నోరూ మూయించగల మేస్త్రమ్మ తలొంచుకుని దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకుంది.

"కాలు బెణికిన మర్నాడు," అంది చివరికి. "నీకు చెబుదామనే అనుకున్నా. ఇక్కడ ఉంచింది నేనే కదా. రంపం వల్లే అంటారని... తీసుకుని వెళ్ళిపోతారని..."

"మూతలు కొట్టిన రోజు బీరువా పక్కన ఉన్నారు మీరు."

"అవును."

"నేను సంతోషం పట్టలేక ఏడ్చానత్తయ్యా. మీరు చూస్తూ నిలబడ్డారు."

"తిట్టవే. నీ నోటికొచ్చినట్టు తిట్టు, పడతాను."

"తిడితే దానికి వినబడుతుందా?" అంది కోడలు. మొగుడి వైపు తిరిగి, "మీరూ తక్కువేం కాదు. అమ్మ చెప్పింది కదా అని హాయిగా కళ్ళు మూసుకున్నారు. ఇది ఆర్నెల్ల పిల్లప్పుడే చెప్పాను నేను," అంది. వాడు గుమ్మంలోనే చతికిలబడి తలకున్న పొట్టు రెండు చేతులతో దులుపుకుంటూ ఉండిపోయాడు. పిల్ల పాక్కుంటూ వచ్చి వాడి మోకాలు పట్టుకుని నిలబడింది.

చెవుల డాక్టరు పెద్దావిడ. పరీక్షలన్నీ అయ్యాక నలుగురినీ కూర్చోబెట్టింది. ఎవరూ నోరు తెరవకముందే మేస్త్రమ్మ అడిగేసింది. "మా ఇంటి కింద రంపం మిషనుందండీ. దానివల్లే కదా?"

"కాదమ్మా. పుట్టుకతోనే లోపలి చెవి సరిగ్గా తయారు కాలేదు. మీరు అడవిలో ఉన్నా ఇంతే."

మేస్త్రమ్మ గుండెల మీంచి బండ దిగింది. దాచడం ఎందుకు, ఆ క్షణంలో ఆవిడకి సంతోషమే కలిగింది. కోడలి వైపు చూడబోయింది కూడా, విన్నావా అన్నట్టు. అంతలో డాక్టరు రెండో ప్రశ్న వేసింది. "మొదట అనుమానం ఎప్పుడొచ్చింది?"

"నాకు ఆరో నెలలో," అంది కోడలు. "మా అత్తయ్యకి ఏడో నెలలోనే రూఢిగా తెలుసు."

డాక్టరు రాస్తున్నది ఆపి మేస్త్రమ్మని చూసింది. "అప్పుడే తెచ్చి ఉంటే బావుండేదమ్మా," అంది. కోప్పడలేదు. "పూర్తిగా వినబడకపోవడం కాదు. చెవికి మిషన్లు పెడితే కొంత వినబడుతుంది. మాటకి పునాది పడేది ఈ నెలల్లోనే, అందుకంటున్నాను. మాటలు వస్తాయి, కష్టపడాలి. ఆలస్యంగా వస్తాయి."

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాక అర్థమైంది మేస్త్రమ్మకి. లేని తప్పుని కప్పిపుచ్చబోయి చేతులారా తప్పు చేసింది. రంపాన్నయినా తిట్టుకునే వీలు లేకుండా పోయింది.

కొడుకూ కోడలూ ఆస్పత్రికి దగ్గర్లో రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. ఈసారి ఆవిడ అన్నం మానేయలేదు. పిల్ల గుడ్డలన్నీ తనే ఉతికి మడతపెట్టి సంచిలో సర్దింది. కోడలు సంచి అందుకుని ముందు నడిచింది. మెట్లు దిగుతూ కొడుకు, "వస్తుంటాంలే అమ్మా," అన్నాడు. ఎప్పుడని ఆవిడ అడగలేదు. వాడు పొద్దున్నే వచ్చి మిషను తిప్పి, సాయంత్రం వెళ్ళిపోయేవాడు. పైకి వచ్చి మంచినీళ్ళు తాగేవాడు గానీ కూర్చునేవాడు కాదు.

పిల్లకి ఏడాది నిండబోతుండగా ఒక సెలవురోజు పొద్దున వాడే వచ్చి అన్నాడు. "చెవికి మిషన్లు పెట్టారు. పది రోజులైంది. చూస్తావా?"

"కోడలు రమ్మందా?"

"వద్దనలేదు."

మేస్త్రమ్మ ఉతికిన చీర కట్టుకుని వెళ్ళింది. కోడలు తలుపు తీసి పక్కకి జరిగింది. ముందుగది నేల గచ్చు, దాని మీద మందపాటి తివాచీ. మధ్యలో పిల్ల. రెండు చెవుల వెనకా చిక్కుడుగింజంత మిషన్లు. నాయనమ్మ మొహం కనబడగానే పిల్ల మొహం విచ్చుకుంది. మర్చిపోలేదు. రెండు చేతులూ చాపి, తప్పటడుగులు వేసుకుంటూ, గోడ వదిలేసి మరీ ఎదురొచ్చింది. మేస్త్రమ్మకి ఇన్నాళ్ళ దిగులూ ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది. వంగి చేతులు చాపి, "దొరసానీ, వచ్చావా నా తల్లీ," అంది.

పిల్ల ఉన్నచోటే ఆగిపోయింది. మొహం ముడుచుకుపోయింది. కింది పెదవి వణికి, బిగ్గరగా ఏడుపు లంకించుకుని, వెనక్కి తిరిగి పడుతూ లేస్తూ వెళ్ళి తల్లి కాళ్ళని చుట్టేసుకుంది.

మేస్త్రమ్మ చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. "నన్ను చూసి ఏడుస్తోందేంటే?"

"మిమ్మల్ని చూసి కాదు," అంది కోడలు, పిల్ల వీపు నిమురుతూ. "మీ గొంతు దానికి తెలీదు. కొత్తవాళ్ళ గొంతు వింటే ఏడుస్తుంది."

మేస్త్రమ్మ గోడకి ఆనుకుని తివాచీ మీద కూలబడింది. చెక్క ఆరబెట్టడం, మేస్త్రి ఆఖరి మాట, ఎవరికీ చెప్పుకోనివన్నీ రోజూ చెప్పింది ఎవరికి? అది కళ్ళార్పకుండా చూసింది తన పెదవులు కదలడాన్ని. పిల్లకి ఏడాది, ఇవాళే తను మొదటిసారి దాంతో మాట్లాడింది. మొహం కప్పుకుని ఏడుస్తుంటే ఆ ఏడుపు విని పిల్ల ఇంకా బెదిరింది. అది గమనించి నోట్లో కొంగు కుక్కుకుంది.

కోడలు వచ్చి ఎదురుగా కూర్చుంది, పిల్ల తన వెనక దాక్కోగా.

"నేను మర్చిపోలేనత్తయ్యా," అంది. "మర్చిపోయానని మీరూ అనుకోవద్దు. కానీ దీనికి మాటలు రావాలంటే ఇంట్లో అందరూ మాట్లాడాలట. ఆదివారాలు రండి."

మేస్త్రమ్మ తలూపింది.

"అరవకండి. మెల్లగా, దగ్గరగా. ముందు మీరెవరో చెప్పండి."

మేస్త్రమ్మ కళ్ళు తుడుచుకుంది. మెల్లగా మాట్లాడటం ఎలాగో ఆవిడకి నిజంగానే తెలియదు. రెండుసార్లు నోరు తెరిచి, గొంతు పెద్దదవుతుందేమోనని మూసేసింది. మూడోసారి ఊపిరి బిగబట్టి, గుసగుస కన్నా కాస్త పైకి, "నేను," అంది. "నేను నీ నాయనమ్మని."

పిల్ల ఏడుపు ఆపింది. తల్లి భుజం వదలకుండానే వింది.